పులిహోర మీద నింద

2024 మే 2. మా అక్క కొడుకు పొట్ట పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయిన రోజు. ఎంసెట్‌కు ఇంకా వారమే ఉంది. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ మా ఇళ్ళల్లో అది ఎంసెటే. అక్క ఫోన్ చేసి, "సలేశ్వరం జాతరల ఏం తినబెట్టినవ్ తమ్మీ పిల్లగానికి?" అని అడిగింది. నేను తడుముకోలేదు. "దారిల ఎవరో పులిహోర పంచుతుంటే తిన్నడక్కా. ఎండకు పాసిపోయి ఉంటది" అన్నాను.

వాడు పులిహోర తిన్నది నిజం. నేనూ తిన్నాను. అది పాసిపోలేదు. విస్తరాకులో పెట్టినప్పుడు ఇంకా వెచ్చగానే ఉంది, నిమ్మకాయ వాసన వేస్తోంది. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే నా కళ్ళముందు ఉన్నది పులిహోర కాదు, నా బ్యాగు పక్క జేబులోని నీళ్ళ ఫిల్టరు. అక్కకు నిజం చెప్పడానికి నాకు ముప్పై ఆరు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో ఇప్పుడు రాస్తున్నాను.

మేముండేది బౌరంపేట్‌లో, దుండిగల్ పక్కన. నలభై దాటాక నాకు కొండలు ఎక్కే అలవాటయింది. అమ్మ పచ్చళ్ళకు ఉప్పూ కారం తూచుకునే చిన్న కాంటా మీద నా సామానంతా ఒక్కొక్కటే పెట్టి, బరువు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. చెంచా, టార్చిలైటు, సబ్బుముక్క, సంచి తాడు, అన్నీ తూకానికి ఎక్కాయి. వీటన్నిటిలో తగ్గించలేని బరువు నీళ్ళదే. లీటరు నీళ్ళు కిలో. మూడు లీటర్లు మోస్తే మూడు కిలోలు. దీన్ని దించుకోవాలంటే ఒకటే దారి, దారిలో కనిపించిన వాగు నీళ్ళు వడపోసుకుని తాగడం.

ఇందుకోసం నెలరోజులు చదివాను. సాయర్ మినీ, లైఫ్‌స్ట్రా, కటాడిన్ బీఫ్రీ, ఇలా అమెరికాలో, యూరప్‌లో నడిచేవాళ్ళు మెచ్చుకునే ఫిల్టర్లన్నీ అటూ ఇటూగా 60 గ్రాముల జాతివి. వాటి పనితనం ఒకటే. గొట్టం లోపల సేమ్యా పోగుల్లా సన్నని తెల్లటి నాళాలు వందల కొద్దీ ఉంటాయి. ప్రతి నాళమూ బోలు. మూత్రపిండాలు పాడైనవాళ్ళకు చేసే డయాలిసిస్‌లో రక్తాన్ని వడకట్టేదీ ఇలాంటి బోలు నాళాలే. నాళం గోడకు ఉండే రంధ్రాలు 0.1, 0.2 మైక్రాన్లు. కడుపు పాడుచేసే గియార్డియా అనే క్రిమి తిత్తి పొడవు 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. ఆ రంధ్రంలోంచి అది దూరలేదు. బాక్టీరియా కూడా ఆగిపోతుంది. ఈ లెక్క చదివినప్పుడు నాకు కలిగిన ధీమా ఇంకా గుర్తుంది. అలాంటిదే ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, జరిగినదాంట్లో దాని తప్పు ఇసుమంత లేదు.

డబ్బాలో మడతపెట్టిన కాగితం వచ్చింది. ఒకసారి తడిశాక దీన్ని గడ్డకట్టనివ్వకూడదు, గడ్డకడితే పారేయాలి అని అందులో బొమ్మతో సహా వేశారు. నేను చదివాను. మన దగ్గర నీళ్ళెక్కడ గడ్డకడతాయని మడిచి లోపల పెట్టేశాను. క్లోరిన్ మాత్రల స్ట్రిప్పు ఒకటి కూడా కొన్నాను. కాంటా మీద పెడితే పది గ్రాములు కూడా తూగలేదు. అయినా తీసేశాను. నీళ్ళకు మందు వాసన వస్తుందనీ, అరగంట ఆగాలనీ, ఫిల్టరుండగా ఇదెందుకనీ. నోటుబుక్కులో ఆ వరుస మీద గీత కొట్టినట్టు ఇప్పటికీ కనిపిస్తుంది.

అమ్మ చూస్తూనే ఉంది. "కాగబెట్టి సల్లార్చిన నీళ్ళు రెండు సీసలు తీస్కపో బిడ్డా, ఎన్ని దినాలైనా కడుపుల నొప్పి రాదు" అంది. అమ్మ పద్ధతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడగడుతుంది. వానాకాలం అయితే మరగబెడుతుంది. ఆ చీర మడతలను నేను లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. శాస్త్రవేత్త రీటా కోల్వెల్, ఆమెతో పనిచేసినవాళ్ళు బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు పెట్టి నీళ్ళు వడగట్టించి చూసి, ఫలితాలు 2003లో ప్రచురించారు. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి. కలరా క్రిమి నీటిలోని సన్నని జీవాలను అంటుకుని ఉంటుంది, ఆ జీవాలు చీర మడతల్లో చిక్కుకుపోతాయి. అమ్మకు ఈ కారణం తెలియదు. మడతలు నాలుగుండాలని మాత్రం తెలుసు.

ఫిల్టరు వచ్చిన ఆదివారం మేనల్లుణ్ణి తీసుకుని మా బౌరంపేట్ చెరువు కట్ట మీదికి పోయాను. చెరువులోంచి పచ్చటి నీళ్ళు సంచిలో ముంచి, ఫిల్టరు బిగించి పిండితే గ్లాసులోకి తేటగా వచ్చాయి. వాడి ముందే గటగటా తాగాను. "అబ్బ, మామా!" అన్నాడు వాడు. ఆ అబ్బురం నాకు కావాల్సి ఉండింది. అది తెలివి తక్కువ పని. నీళ్ళలో కరిగి ఉన్నదాన్ని ఆ నాళాలు ఆపలేవు. ఉప్పును ఆపవు, నల్లగొండ మనుషుల ఎముకలు వంచిన ఫ్లోరైడ్‌ను ఆపవు, మందుల అవశేషాలను ఆపవు. మాకు కొద్ది దూరంలోనే బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడలు. ఇంకాస్త ముందుకెళ్తే పటాన్‌చెరు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను అక్కడ శుద్ధిచేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఇవన్నీ తెలిసిన ఊళ్ళో ఉంటూ, చెరువు నీళ్ళు తేటబడితే చాలనుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. ఆ గ్లాసుతో ఆ పిల్లవాడికి నా ఫిల్టరు మీద గురి కుదిరింది. తర్వాత వాడు ఏమీ అడగకుండా తాగాడంటే ఆ కట్ట మీద చూసినదాని వల్లే.

2023 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కడానికి పోయాను. ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రి అనే ఊరి నుంచి నడక మొదలవుతుంది. శిఖరం 3,800 మీటర్ల ఎత్తు. మొదటి రోజు దారి పక్క ఊటలో నీళ్ళు పట్టి ఫిల్టరుతో తాగాను. రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర మంచులో గుడారాలు. మా వెంట వచ్చిన అక్కడి కుర్రాడు పడుకునే ముందు ప్రతి గుడారానికీ వచ్చి, ఫోన్లు, బ్యాటరీలు, నీళ్ళ ఫిల్టర్లు ఉంటే వాటినీ పడకసంచిలో ఒంటికి ఆనించి పెట్టుకోమని చెప్పాడు. ఫోను పెట్టుకున్నాను. టార్చిలైటు పెట్టుకున్నాను. ఫిల్టరు బయట బ్యాగు జాలి జేబులో ఉంది. దాని కోసం మళ్ళీ బూట్లు తొడుక్కుని లేవాలి. లేవలేదు.

పొద్దున తీస్తే రాయిలా ఉంది. ఊపితే నీటి చప్పుడు లేదు. నీరు గడ్డకట్టినప్పుడు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. సేమ్యా పోగంత నాళంలో ఆ ఉబ్బుకు చోటు లేదు, గోడ చిట్లుతుంది. ఈ సంగతి బడిలో చదువుకున్నవాణ్ణే, ఇంట్లో ఫ్రిజ్‌లో పగిలిన గాజు సీసా చూసినవాణ్ణే. చంకలో పెట్టుకుని అరగంట వెచ్చజేశాను. కరిగింది. నీళ్ళు పోసి పిండితే వచ్చాయి. నిన్నటికన్నా ధారగా, చేతికి శ్రమ లేకుండా వచ్చాయి. సంతోషించాను. కాగితంలోని బొమ్మ గుర్తొచ్చింది, తోసేశాను. మిగతా దారంతా వంటవాళ్ళు మరగబెట్టి ఇచ్చిన నీళ్ళే తాగాం గనుక ఏమీ బయటపడలేదు. ఇంటికొచ్చి ఆరబెట్టి అలమారలో పెట్టాను.

ఈ ఫిల్టర్ల గుణం ఒకటి నేను అప్పుడే తెలుసుకోవాల్సింది. కుండకు చిల్లి పడితే కారుతుంది. చీర చిరిగితే కంటికి కనిపిస్తుంది. ఇది చెడిపోతే మునుపటికన్నా బాగా పనిచేస్తున్నట్టు ఉంటుంది.

సలేశ్వరం చైత్ర పౌర్ణమి జాతర. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లోతైన లోయలో జలపాతం పక్కన లింగమయ్య. ఏడాదిలో ఆ కొద్ది రోజులే జనాన్ని పోనిస్తారు. పూజారులు చెంచులు. మన్ననూరు దాటి ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మలుపు తిరిగి, బండి ఆగిన చోటు నుంచి రాళ్ళ మీద నడవాలి. మేనల్లుణ్ణి తీసుకుపోతానంటే మొదట అక్క ఒప్పుకోలేదు. పరీక్ష దగ్గరబడిందంది. "పుస్తకాల ముందు కూసుని కూసుని మొఖం వాడిపోయింది వాడిది, ఒక్క రోజు గాలి మారనీ అక్కా" అని నేనే ఒప్పించాను. ఇది కూడా నా ఖాతాలోదే.

దారి పొడుగునా సేవ చేసేవాళ్ళు మంచినీళ్ళు, మజ్జిగ, అన్నం పెడుతూనే ఉన్నారు. నీళ్ళకు కరువు లేదు. అయినా లోయలోకి దిగాక జలపాతం కింద, జనం స్నానాలు చేస్తున్న మడుగుకు దిగువన, నేను సంచి ముంచాను. ఎందుకంటే ఫిల్టరు తెచ్చాను కాబట్టి. దాన్ని వాడాలని ఉండింది, అంతే. ఒక చెంచు పెద్దమనిషి బండ మీద కూర్చుని చూస్తున్నాడు. "ఈడ ముంచకు సారూ. పైన జనం తానాలు చేస్తున్రు. గా ఇసుకల చెలిమె ఉంది, అండ్ల తీస్కో" అన్నాడు. నాలుగడుగుల దూరంలో వాగు ఒడ్డున ఇసుక తీసి చేసిన చెలిమె. అడుగున నీరు ఊరి, తొణకకుండా నిలిచి ఉంది. ఇసుక పొరల్లోంచి జారి వచ్చిన నీరు. అదీ వడపోతే, నా చేతిలోని గొట్టం కన్నా ఎన్నో తరాల ముందటిది. "ఇది ఏదైనా ఆపుతుంది పెద్దాయనా" అని ఫిల్టరు ఎత్తి చూపించాను. ఆయన ఇంకేమీ అనలేదు. మేనల్లుడు సీసా పట్టాడు, నేను పిండాను. సీసాడు నీళ్ళు వాడు తాగాడు, నేను రెండు గుక్కలు తాగాను.

తొమ్మిది రోజులు ఏమీ లేదు. పదో రోజు నుంచి వాడికి కుళ్ళిన గుడ్డు వాసనతో త్రేన్పులు, కడుపుబ్బరం, జిడ్డుగా విరేచనాలు. రెండు రోజులు ఓఆర్‌ఎస్ తాగించి చూసి మూడో రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మల పరీక్షలో గియార్డియా. ఆ డాక్టరమ్మ కాగితం చూస్తూ, "పది, పదిహేను రోజుల కింద బయట నీళ్ళేమైనా తాగావా బాబూ?" అని అడిగింది. ఇది లోపలికి పోయాక ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుందని చెప్పింది. వాడు నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. "జాతరకు పోయినం మేడం" అన్నాడు వాడు.

ఆ రాత్రి బాత్రూంలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఫిల్టరును గంటసేపు నానబెట్టి, లోపలి నీళ్ళు వంచేసి, శుభ్రమైన నీళ్ళు వచ్చే మూతిని బకెట్లో ముంచి రెండో మూతిలోంచి నోటితో ఊదాను. నాళాలు గట్టిగా ఉంటే తడిసిన రంధ్రాల్లో నీరు బిగుసుకుని ఉంటుంది, మనిషి ఊపిరి దాన్ని తోయలేదు. గాలి అవతలికి రాకూడదు. ఊదీ ఊదగానే బుడగలు వచ్చాయి. మొదట రెండు మూడు, తర్వాత వరసగా, పూసల దండ తెగినట్టు. మూడుసార్లు ఊదాను. మూడుసార్లూ వచ్చాయి. ఇది నిమిషం పని. డిసెంబరులో ఇల్లు చేరిన రోజు చేయగలిగిన పని.

హాక్సా బ్లేడుతో గొట్టం కోసి చూశాను. తెల్ల నాళాలు వంపు తిరిగి ఉన్న చోట కొన్ని విరిగి, వేలితో తాకితే ఊడి వచ్చాయి.

అప్పుడైనా అక్కకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. నేను కూడా అవే నీళ్ళు తాగాను, నాకేం కాలేదుగా అన్నాను. గియార్డియా సోకిన చాలామందికి ఏ బాధా ఉండదని అప్పటికే చదివాను. జాతరలో ఇంకెక్కడైనా అంటుకుని ఉండొచ్చు అన్నాను. అదీ కాదనలేను. కానీ పులిహోర మీద వేసిన నింద మాత్రం నిలబడదని నాకు తెలుసు. పాసిన అన్నం గంటల్లో తేల్చేస్తుంది, పదో రోజు దాకా ఆగదు. అక్క మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ అదే చెప్తోంది. పుణ్యం పేరు చెప్పి పాడైన తిండి పెట్టారని, ఆ పిల్లగాళ్ళకు బుద్ధి లేదని. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని, "తినిపోండ్రి అన్నా" అని పిలిచి పెట్టిన కుర్రాళ్ళు వాళ్ళు. నా మాట వల్ల వాళ్ళకు తగిలిన తిట్లు ఎన్నో లెక్క లేదు.

వాడు మందులతో తేరుకున్నాడు. నీరసంతోనే పరీక్ష రాశాడు. ర్యాంకు వచ్చింది, వాడు అనుకున్నది కాదు. పాలు అరగక నెల రోజులు మానేశాడు. పొద్దున లేవగానే చాయ్ కావాలనే పిల్లవాడు నల్ల చాయ్ ముందు పెట్టుకుని కూర్చుంటే చూడలేకపోయాను.

ఆ రోజుల్లో మళ్ళీ చదివాను, ఈసారి బరువుల వరుస వదిలేసి. నేను నమ్మిన సలహాలన్నీ మనిషి అలికిడి తక్కువుండే కొండ వాగుల కోసం రాసినవి. అక్కడ భయం జంతువుల వల్ల వచ్చే క్రిములది. మన వాగుల్లో, అందులోనూ జాతరలో, నీళ్ళు మనుషుల చేతుల్లోంచి, ఒంటి మీంచి వస్తాయి. మనుషులతో వైరస్‌లు వస్తాయి. హెపటైటిస్ ఎ వైరస్ 0.03 మైక్రాన్లు కూడా ఉండదు. నా ఫిల్టరు చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని ఆపేది కాదు. 1955 చివర్లో ఢిల్లీలో నగరం తాగే నీళ్ళలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తర్వాత తేలింది. ఆ నీటికి క్లోరిన్ వేయకపోలేదు, వేసినది ఈ వైరస్‌కు చాలలేదు. అలాంటి చోట వడపోత ఒక్కటే చాలదు. వడపోసి మాత్ర వేసి ఆగాలి, లేదా మరగబెట్టాలి. మామూలు చోట తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు. నేను గీత కొట్టేసిన పది గ్రాముల స్ట్రిప్పు చేసే పని ఇదే. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం లాంటివాటిని ఫిల్టరు ఆపుతుంది, ఫిల్టరుకు చిక్కని వైరస్‌ను క్లోరిన్ చంపుతుంది. రెండూ కలిపినా 70 గ్రాములు. ఇప్పుడు నా సంచిలో రెండూ ఉంటాయి. బయల్దేరే ముందు బకెట్లో ఊది చూస్తాను. చలి చోటికి పోతే అది నా చొక్కా లోపల పడుకుంటుంది. సేవ చేసేవాళ్ళు మంచినీళ్ళు ఇస్తుంటే అవే తాగుతాను.

జూన్ 7న మిర్గం, అంటే మృగశిర కార్తె. చేపల కూర తినడానికి అక్క రమ్మంది. కోసిన ఫిల్టరు ముక్కలను పేపర్లో చుట్టి తీసుకెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర ఉంది. పేపరు విప్పి గట్టు మీద పెట్టి మొత్తం చెప్పాను. కాగితంలోని బొమ్మ, మంచులో రాత్రి, చెలిమె, బకెట్లో బుడగలు, ఫోనులో చెప్పిన పులిహోర మాట. అక్క ఒక నాళాన్ని రెండు వేళ్ళతో తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"సేమ్యా లెక్క ఉన్నయ్ గదరా" అంది.

చాలాసేపు ఏమీ అనలేదు. మంట తగ్గించింది. "ఆ పిల్లగాండ్లను ఎన్ని మాటలన్న తమ్మీ" అంది. గొంతు మారిపోయింది. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

మేనల్లుడు ఎప్పుడొచ్చాడో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "డాక్టరమ్మ అడిగిననాడే నాకు సమజైంది మామా. నువ్వే చెప్తవని ఊకున్న" అన్నాడు.

అక్క పళ్ళాలు తీసింది. నా ముందు ఒకటి పెడుతూ, "అమ్మకు చెప్పినవా?" అని అడిగింది.

"లేదక్కా."

"ఇంటికి పోంగనే చెప్పు. ముందు తిను" అంది.